ఆలస్యం ఎక్కడుంది

పక్షవాతంతో నా భార్యకు మాట పడిపోయాక, ఆమె కోసం ఒక ప్రోగ్రాం రాశాను. ఓడరేవులో క్రేన్ నడిపినవాణ్ణి; రిటైరయ్యాక ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో సొంతంగా నేర్చుకున్నాను. బజారులో దొరికే మాట్లాడే యంత్రాలకు బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు. తెలుగు అడిగితే వార్తలు చదివినట్టు చదువుతాయి. ఓడరేవు పక్కన మా వాట్‌గంజ్ బస్తీ కుళాయి దగ్గర ఏళ్ల తరబడి నోరు చేసుకున్న మనిషికి ఆ గొంతు అంటగట్టమంటారా? ఫోన్లో మిగిలిన ఆమె పాత వాయిస్ మెసేజీల నుంచి మాటలు కత్తిరించి, తెర మీద ఒక్కో బొమ్మకు ఒక్కో మాట పెట్టాను. బొమ్మ నొక్కితే ఆమె గొంతే పలుకుతుంది.

పలికింది, కానీ ఆలస్యంగా. పొయ్యి దగ్గర నిలబడి టీ తాగుతావా అని అడిగితే, నీళ్లు మరగడం మొదలయ్యాక వెనక మంచం మీంచి "ఒద్దు" అని వినిపించేది. వ్యాయామం చేయించడానికి వచ్చే ఆవిడ, ఆ మాత్రం ఆలస్యానికి ఇంత గొడవేమిటి దాదా అంది. నాకు ఒళ్లు మండింది. అడగడం పూర్తవకముందే బదులు విసిరిన మనిషిని ఆవిడ చూడలేదు.

ప్రోగ్రాంను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ముందూ వెనకా కాలం కొలిచే గడియారం పెట్టాను. తప్పు దొరికింది. నొక్కిన ప్రతిసారీ మాటలన్నిటినీ మళ్లీ మొదటినుంచీ తెరుస్తోంది. ఒక్కసారే తెరిచేలా మార్చాను. నేను నొక్కితే వేలు తీసేలోగా పలికింది. ఆమెకిస్తే మళ్లీ ఆలస్యమే.

కంప్యూటర్ని తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను. ఈసారి బొమ్మలు తెర మీదికొచ్చిన దగ్గర్నుంచి మాట వినపడేదాకా, మధ్యలో ఖాళీ వదలకుండా కొలిచాను. యంత్రం చేసే పనులన్నీ కలిపినా లెక్కలోకి రావు. కాలమంతా ఒక్కచోటే ఉంది, ఆమె నొక్కడం కోసం ప్రోగ్రాం కాచుకునే చోట. మర్నాడూ కొలిచాను. ఆ తర్వాతా కొలిచాను. అది పెరుగుతూనే ఉంది.

పని నుంచి వచ్చిన కూతురు అడిగింది. "బాగయిపోనాదేటి నానా?"

"మిషన్లో ఏటీ నేదమ్మా."

అంకెలు చూపించాను. దానికి తెలుగు చదవడం రాదు, అంకెలకు ఆ బాధ లేదు. పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మకి సెప్పకు."

ఇన్నాళ్లూ తిట్టడానికి ఎవరో ఒకరు ఉండేవారు. గడియారాలన్నీ తీసేసి ఆమె పక్కన కూర్చున్నాను. కిటికీ తియ్యనా అని అడిగాను. ఆమె చెయ్యి బొమ్మల మీద వెతుకుతూ వెతుకుతూ ఒకచోట ఆగిపోయింది. సాయంగా ఆ చెయ్యి పట్టుకోబోయాను.

తోసేసింది.