భూషణం మోకాళ్ళ నొప్పులు

మా చిన్నప్పుడు... చిత్తూరులో ఎండాకాలం మధ్యాహ్నాలు మా వసారా అంతా చింతపండు పులుపు వాసనే. అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, రాయి ముందు కూర్చుని సుత్తితో చింతపండు కొట్టి గింజలు తీసేది. పక్కన అమ్మ వారపత్రికలో సీరియల్ పైకి చదివేది. అవ్వకు చదువు రాదు. అయినా కథలో ఒక్క ముక్క పోనిచ్చేది కాదు.

అందులో విలన్ భూషణం. కత్తి పట్టడు, గొంతు పెంచడు. "నీ మంచికే చెప్తున్నా తల్లీ" అంటూనే అన్నదమ్ముల్ని విడదీశాడు. వాడు తియ్యగా మాట్లాడినప్పుడల్లా అవ్వ సుత్తి గట్టిగా పడేది. వాడు ఎక్కువగా కనిపించిన వారం కొట్టిన పండుతో చారు పెడితే, పంటి కింద గింజ ముక్కలే...

"కొట్టేవాణ్ణయినా నమ్మచ్చు మ్మే. ఈ నవ్వేవాడుండాడే, వాణ్ణి సచ్చినా నమ్మకూడదు" అనేది.

పలమనేరులో పెద్దమ్మ దగ్గర ఒక వారం ఉండి రావాలని అమ్మకు ఆశ. ప్రతి ఎండాకాలమూ అడిగేది. అవ్వ ఏనాడూ కాదనలేదు. "పో తల్లీ, నేనేమన్నా వద్దంటినా? మోకాళ్ళు లేస్తే ఇంత గంజి కాచుకుంటా... లేవకుంటే నీళ్ళు తాగి పడుకుంటా" అనేది, నవ్వుతూనే. అమ్మ సర్దిన సంచి విప్పేసేది.

ఆ ఏడూ విప్పేసింది. మధ్యాహ్నం మామూలుగా పత్రిక తెరిచింది. ఆ వారం కథలో భూషణం చెల్లెలు పైచదువుకు బయల్దేరుతోంది. అమ్మ గొంతు ఏమాత్రం మార్చకుండా చదివింది... "భూషణం నవ్వి, పో తల్లీ, నేనేమన్నా వద్దంటినా, మోకాళ్ళు లేస్తే ఇంత గంజి కాచుకుంటా, అన్నాడు."

నేను అమ్మ భుజం మీదుగా పేజీ చూస్తున్నాను. అందులో గంజీ లేదు, మోకాళ్ళూ లేవు.

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగింది.

"ఆ మాట వాడనినాడా?"

"అవునత్తా. ఈడే ఉండాది."

అవ్వ చాలాసేపు కిందపడిన గింజలు ఏరింది. ఏరి ఏరి, పొద్దున బస్సుకు పోయి రమ్మంది అమ్మని. మోకాళ్ళు తనవేనట, తనే చూసుకుంటుందట.

అమ్మ అంతగా నవ్వడం నేను పలమనేరులోనే చూశాను. అవ్వ నిజంగా నమ్మేసిందనే అనుకున్నాం. వారం తర్వాత తిరిగొచ్చి గడప దాటామో లేదో, అవ్వ చింతపండు మీంచి తల ఎత్తకుండానే అడిగింది...

"ఏమ్మే, ఆ భూషణం మోకాళ్ళు ఎట్లుండాయంట?"

ఆ తర్వాత ఎన్నో నవలలు చదివాను. కత్తులు దూసిన విలన్లందరినీ మర్చిపోయాను. భూషణం మీద మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మంటే. వాడి మాటలు మన ఇళ్ళల్లో వినపడేవే కాబట్టా? ఏమో. ఆ రోజు అమ్మ చేసిందీ ఒకరకంగా భూషణం పనే కదా అని కూడా ఒక్కోసారి అనుమానం వస్తుంది...

ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో ముగ్గురం, మూడు ఫోన్లు, మూడు కథలు. ఎవరిది వారే, చప్పుడు లేకుండా. మొన్న మా అమ్మాయి స్నేహితులతో ఊరెళ్తానంటే, "పో తల్లీ, నేనేమన్నా వద్దన్నానా" అనేశాను... నవ్వుతూనే. ఆ మాట నాకే పైకి చదివి వినిపించడానికి పక్కన అమ్మ లేదు.

మీ ఇంట్లో భూషణం ఎవరు? చెప్పండి... మోకాళ్ళ నొప్పులంటూ తప్పించుకోకండి.