థైరాయిడే అయితే బాగుండు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కత్తెరమ్మ అంటేనే పలికేది. మనిషిని ఓసారి ఎగాదిగా చూసి, సుద్దగీతైనా గీయకుండా బట్ట మీద కత్తెర నడిపేది. అక్క కత్తిరించడం, చెల్లెలు కుట్టడం. పెళ్లిళ్లయినా ఆ పొత్తు చెడలేదు.

అలాంటిది ఒక మధ్యాహ్నం చెల్లెలు రెండు జాకెట్టు ముక్కలు పైకెత్తి చూపించింది.

"ఏంటక్కా ఇది? రెండూ ఎడమ చేతులే కత్తిరించావు. ఈవిడకి కుడి చెయ్యి లేదనుకున్నావా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. రెండో ముక్కకు బట్ట తిప్పి వేయడం మరిచిపోవడం కొత్తగా నేర్చుకునేవాళ్ల పొరపాటు. మర్నాడూ అదే జరిగింది. ఈసారి నవ్వు రాలేదు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. "థైరాయిడ్ బాగా తగ్గిందమ్మా. పెద్ద వయసులో అది మందగిస్తే మతీ మందగిస్తుంది. మరుపు దానివల్లే అయితే మాత్రలతో తేరుకుంటారు."

జబ్బుందంటే అంత సంబరపడ్డ మనిషిని ఆ డాక్టరమ్మ చూసి ఉండదు.

"నా బుర్ర బాగానే ఉందిట. దానికి కూడు పంపేవాడు కునుకు తీశాడంతే" అంది బస్సులో భర్తతో.

"ఇంట్లో నా కూడు సంగతీ అంతేగా" అన్నాడాయన.

తెలివంతా తలలోనే ఉందని మిడిసిపడతాం గాని, గొంతులోని ఆ చిటికెడు గ్రంథి మొరాయిస్తే ఎంతటి పండితుడైనా పక్క గదిలోకి ఎందుకొచ్చాడో తెలియక నిలబడతాడు. రాజ్యం రాజు ఏలుతున్నాడనుకుంటాం. వంటవాడు అలిగిన రోజున తెలుస్తుంది.

రోజూ పరగడుపున మాత్ర మింగింది. మొహం ఉబ్బు దిగింది, ఒళ్లు తేలికైంది. కత్తెర మాత్రం తడబడుతూనే ఉంది.

"ఇంకా తక్కువే ఉండుంటుంది. ఈసారి పరీక్షలో చూడు" అనేది చెల్లెలితో. తక్కువే రావాలని లోలోపల కోరుకునేది.

"నార్మల్! అంతా నార్మలేనే!" ఆస్పత్రి వరండాలో భర్త కాగితం ఊపాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"డోసు ఇంకాస్త పెంచకూడదా అమ్మా?" అంది కత్తెరమ్మ.

"పెంచితే గుండెకి చేటు. అక్కడ లోటు తీరిపోయింది. ఇక తల స్కానింగు తీయిద్దాం."

"దానికీ మాత్ర ఉంటుందా?"

డాక్టరమ్మ స్కానింగుకి చీటీ రాస్తుంటే, భర్త చేతిలోని కాగితాన్ని మెల్లగా మడిచేశాడు.

మర్నాడు కత్తెరమ్మ బల్ల మీద బట్ట పరిచి, కత్తెర చెల్లెలి చేతికిచ్చింది.

"నువ్వే కానీ. నేను చెప్తాను."

"నాకు కుట్టడమేగా వచ్చు అక్కా."

"నేనున్నాగా. ముందు భుజం దగ్గర మొదలుపెట్టు. సరిగ్గా అక్కడ. ఇప్పుడు..."

చెల్లెలు కత్తెర నోరు తెరిచి ఆగింది.

"ఇప్పుడు?"

కత్తెరమ్మ బట్ట వంక చూస్తూ నిలబడింది. చెల్లెలు కత్తెర నోరు మూసింది.