ఎర్రకారు వెనుక నట్టు

పోయిన నెల మా మేనల్లుడు తన స్పోర్ట్స్ కారుకు గేరు ఆయిల్ మార్పిస్తనని నన్ను కరీంనగర్‌కు వెంట తీసుకపోయిండు. అద్దాల గోడలు, తెల్లటి లైట్లు, నేల మీద ఒక్క మరక లేదు. రిపేరు షాపుకు కాదు, దవఖానకు వచ్చినట్టున్నది. ఇనుప చేతులు కారును పైకెత్తినయి. ఒక పిల్లగాడు కింద నిలబడి వెనుక చక్రాల నడుమ నట్టు విప్పిండు. నల్లటి నూనె సన్నటి ధారగా దిగింది, దాని వెనుకనే ఆ వాసన వచ్చింది. గంధకం, కుళ్లిన ఎల్లిగడ్డ, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల మూడూ కలిపి నూరినట్టుండే వాసన. "తాతా, వాసన పడుతలేదా? పోయి ఏసీల కూసో" అన్నడు ఆ పిల్లగాడు. నేను ఆ ధార ఆగేదాకా అక్కడనే నిలబడి చూసిన. మా మేనల్లుడు ఆ ఏసీ గదిలో ఫోను చూసుకుంట కూర్చున్నడు. తనను మోసే బండి కడుపులో ఏం పోస్తున్నరో లేచి వచ్చి చూసే ఓపిక ఆయనకు లేదు. కొత్త కాలం పిల్లలని తిట్టను; ఈ పట్టింపులేనితనం పాతదే, మా ఊరి దొర కాలం నుంచి వస్తున్నదే.

మా ఊరు హుస్నాబాద్‌కు నాలుగు కోసులు. దొరకు ఎనిమిది వందల ఎకరాలు, రెండంతస్తుల గడీ, గడీ ముందట ఇద్దరే కూర్చునే ఎర్రటి విలాయతి కారు. నేలకు జానెడెత్తులో ఉండేది, పైన కప్పు లేదు, ముందట రెండు గుండ్రటి దీపాలు కప్ప కండ్ల లెక్క బయటికొచ్చి ఉండేవి. ఎడ్లబండ్ల బాటలకు అది ఎందుకు పనికొస్తదని అడిగే దమ్ము ఎవరికున్నది? దొర దాన్ని కొన్నడు, నడిపిండు, అంతే. దాన్ని బతికించింది మాత్రం మా బాపు. బాపు హైదరాబాద్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకొని వచ్చినోడు. అక్షరం రాదు, చెవి మాత్రం గొప్పది. కారు ఊరి బయట మలుపు తిరుగుతుంటే అరుగు మీద కూర్చొని "మూడో గేరు జర గరుకైంది" అనేటోడు.

వానకాలం పోయి, వాగులు సన్నబడి, చెలకల గట్ల మీద తంగేడు పచ్చగా, గునుగు తెల్లగా పూసినప్పుడు బాపు కారు నూనెలు మార్చేటోడు. వానల్లో వాగులు దాటిన బండికి కడుపులోకి నీళ్లు పోతయి. ఆ కడుపు ఒకటి కాదు, రెండు. ముందట గేరు బాక్సు, వెనుక చక్రాల నడుమ ఇనుప గుండు లాంటి పెట్టె. దాన్ని పుస్తకాల్లో డిఫరెన్షియల్ అంటరు, మా షెడ్లలో క్రౌన్ అంటరు. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు పంచేది అదే. బాపు ముందు కారును రెండు కోసులు నడిపి తెచ్చేటోడు, నూనె వేడెక్కితేనే మురికి మొత్తం దిగుతదని. తర్వాత చక్రాల కింద దిమ్మెలు పెట్టి ఎత్తి, కారు కింద చాప పరుచుకొని ఎల్లెలుకల పండుకునేటోడు. ముందు పైన పోసే నట్టు విప్పి, అది వస్తుందని తేలినంకనే కింద దించే నట్టు మీద పానా పెట్టేటోడు. పోసే తోవ తెలువకుండ దించేటోడు మిస్త్రి కాదు, దొంగ అనేటోడు. దిగిన నూనెను అరచేతిలో పట్టి ఎండకు చూపించేటోడు. ఇనుప రజను మెరిస్తే పండ్లు అరుగుతున్నట్టు, పాలు పోసిన చాయ రంగు ఉంటే నీళ్లు చేరినట్టు. నాకు చదువంటే అదే. బడిలో పంతులు నల్లబల్ల మీద రాసిన దానికంటే బాపు అరచేతిలో నేను చదివింది ఎక్కువ.

ఇంకొక పద్ధతి ఉండేది, అది బాపు సొంతం. ఏ పెట్టెలోంచి నూనె దించినా, మళ్ల పోసేదాకా ఆ కింది నట్టును దాని బొర్రకు బిగించేటోడు కాదు. పాత గుడ్డపేలికలో కట్టి స్టీరింగుకు వేలాడదీసేటోడు. స్టీరింగుకు నట్టు ఉన్నదంటే బండి ఖాళీ కడుపుతో ఉన్నది, కదిలించొద్దు అని. దొరకు తెలుసు, గడీలో పశువులు కాసేటోనికి తెలుసు, నాకూ తెలుసు. అందరికంటే బాగ నాకే తెలుసు.

నాకు పదేండ్లున్న ఆ ఏడు వానలు దసరా ముంగటిదాకా పడ్డయి. పండుగకు ముందటి రోజు బాపు గేరు బాక్సు నూనె మార్చి కొత్తది పోసిండు. క్రౌన్ నట్టు విప్పితే చిక్కటి చాయ లాంటిది దిగింది. కిర్సనాయిలు పోసి రెండు సార్లు కడిగి, తేమ మొత్తం ఆరాలని తెరిచే పెట్టిండు. తెల్లారి దసరా, ఆ రోజు మాలో ఎవరూ పనిముట్టు ముట్టరు, పానాలు, సుత్తెలు, నాగళ్లు అన్నీ కడిగి బొట్లు పెట్టి పూజకు కూర్చోబెడతరు. అందుకని నూనె పండుగ తెల్లారి పోద్దామని నట్టును స్టీరింగుకు కట్టిండు. ఆ మాపు ఇంట్లో గారెలు కాలుతున్న వాసన, సద్దుల బతుకమ్మకు చేసిన సత్తుపిండి ముద్దలు ఇంకా డబ్బాలో మిగిలి ఉండె. బాపు దోస్తులతోని ఈతవనంలోకి పోయి పండుగ కల్లు తాగి, పాడుకుంట వచ్చిండు.

దసరా పొద్దున మా అవ్వ పనిముట్లు కడుగుతూ, పిడి ఊడిన గొడ్డలిని పక్కన పెట్టింది. "అంగం తక్కువున్నది పూజకు రాదు బిడ్డా, అమ్మవారికి కోపమొస్తది" అన్నది. ఆ మాట నా మనసులో ముల్లు లెక్క దిగింది. ఊరంతటికీ పెద్ద పనిముట్టు మా బాపు చూసుకునే ఎర్రకారు, దానికి నట్టు లేదు! గడీకి ఉరికిన. స్టీరింగుకున్న పేలిక ముడి విప్పిన. ఇత్తడి నట్టు అది. చింతపండు పెట్టి బంగారం లెక్క మెరిసేదాకా తోమిన. కారు కిందికి పాకి దాని బొర్రలో పెట్టి వేళ్లతోని తిప్పుకుంట పోయిన. నిన్ననే కడిగిన మరలు, వెన్నలోకి దిగినట్టు దిగింది. చివరికి పానా ముట్టొద్దు కాబట్టి ఒక కట్టెముక్క పెట్టి రెండు దెబ్బలు కొట్టిన. దాని మీద ఇంత కుంకుమ కూడా పెట్టిన. పూజ అయినంక విప్పి మళ్ల స్టీరింగుకు కడుదామనే అనుకున్న. నిజంగ అనుకున్న.

పూజకు బాపు వచ్చేసరికి గడీ ఆడోళ్లు స్టీరింగు చుట్టూ బంతిపూల దండలు మూడు వరుసలు చుట్టిండ్రు. నట్టు పూల కింద ఉన్నదనుకున్నడు బాపు. కొబ్బరికాయ కొట్టినంక ఊరంతా పాలపిట్టను చూడడానికి చెలకల దిక్కు కదిలింది, "అగో, కరెంటు తీగ మీద!" అని ఎవరో అరిచిండ్రు, నేను ఉరికిన. పదేండ్ల పిల్లగానికి పాలపిట్ట రెక్కల నీలం కంటే ముఖ్యమైనది ఏముంటది? నట్టు నా తలకాయలోంచి ఎగిరిపోయింది.

దొరకు ఆ ఏడు పట్నం నుంచి చుట్టాలు వచ్చిండ్రు. జమ్మికాడికి దొర నడిచి రావడం మా ఊరి ఆనవాయితీ. ఆయన ఆ రోజు దండలు తీసేసి చూసిండు, స్టీరింగుకు నట్టు లేదు, బండి తయారున్నదనుకున్నడు. ఎవరినీ అడుగలేదు, అడిగితే దొర ఎట్లయితడు? చుట్టాన్ని పక్కన కూర్చోబెట్టుకొని కంకర రోడ్డు మీద ఆరు కోసులు తిప్పి, పొద్దు వాలుతుంటే జమ్మికాడికి తెచ్చిండు.

బండి కంటే ముందు దాని చప్పుడు వచ్చింది. మొదట మిడతల రొద అనుకున్నం. తర్వాత దూరంగా ఎవరో ఆడమనిషి ఏడుస్తున్నట్టు, ఆపకుండ, ఊపిరి తీసుకోకుండ. నూనె లేని ఇనుము ఇనుమును కొరికే ఊళ అది. ఊరంతా జమ్మి ఆకు తెంపుకుంటున్నది, బాపు ఒక్కడే కొయ్యబారి నిలబడ్డడు. మరుక్షణం చేతిలో ఆకు పడేసి రోడ్డు మీదికి ఉరికిండు, రెండు చేతులు పైకెత్తి "ఆపుండ్రి దొరా! ఆపుండ్రి!" అని. తాగి అడ్డమొస్తున్నడని దొర హారను కొట్టి పక్కనుంచి పోయిండు. ఇరవై గజాలు పోయిందో లేదో వెనుక చక్రాలు రెండూ ఒక్కసారి బిగుసుకపోయినయి. కారు రోడ్డుకు అడ్డం తిరిగి, పొగలు కక్కుకుంట ఆగింది.

"కొడుకా, నూనె పొయ్యకుండనే నట్టు బిగిచ్చినవారా?" అన్నడు దొర దిగి. బాపు కారు కిందికి వంగి, కాలుతున్న నట్టును వేళ్లతోని తాకి చూసిండు. అది దాని బొర్రలోనే ఉన్నది. ఆ వంగిన మనిషి లేచి నిలబడేసరికి ఇంకొక మనిషి. మొఖంలో భయం కాదు, అయోమయం. నిన్నటి మాపు తాగిన కల్లును గుర్తుకు తెచ్చుకుంటున్నడని నాకు సమజైంది. "నేనే బిగిచ్చిన్నేమో దొరా... యాదికి లేదు" అన్నడు. నేను ఐదు అడుగుల దూరంలో ఉన్న. నోరు తెరిచిన. దొర చేతిలో కర్ర ఉన్నది. నోరు మూసుకున్న.

ఆనాడు దొర ఏం చేసిండో రాయకుండ ఉండలేను. మోకులు తెప్పించి కారుకు కట్టించి, ఎడ్లను వద్దని, మా బాపును ముందట కట్టి, ఆయన వెనుక పదిమంది జీతగాండ్లను పెట్టి గడీదాకా ఈడ్పించిండు. బిగిసిన చక్రాలు తిరుగుతయా? రోడ్డును గీరుకుంట వచ్చినయి. జమ్మి ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకొని పగోడిని కూడా ఎదకు హత్తుకొని అలాయిబలాయి తీసుకునే రోజు అది. ఆ రోజు మా బాపు చేతిలో ఒక్కరూ ఆకు పెట్టలేదు. అప్పుడు మొఖం తిప్పుకున్న పెద్దమనుషులు తర్వాత సర్పంచులైండ్రు, ధర్మం గురించి మైకుల్లో చెప్పిండ్రు. ఎవరికీ యాదికి లేదట. నాకున్నది.

తాలూకాలో ఏ బండీ ముట్టొద్దని దొర హుకుం. నెల తిరుగకముందే మేం గోదావరి దాటి భైంసా చేరినం. అక్కడ పత్తి లారీలు ఎక్కువ, బాపుకు పని దొరికింది. నా బడి ఆగిపోయింది. ఆయిల్ డబ్బాల మీది అక్షరాలు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చదివే నేను నేర్చుకున్నదంతా. బాపు చెవి అట్లనే ఉన్నది, చేతుల మీదనే నమ్మకం పోయింది. క్రౌన్‌లో నూనె పోసి నట్టు బిగించేటోడు, నాలుగు అడుగులు వేసి ఆగేటోడు, వెనుకకు వచ్చి నట్టు విప్పి వేలు పెట్టి చూసేటోడు. మళ్ల బిగించేటోడు. లారీ కదిలినంక కూడా దాని వెంట ఉరికి ఆపేటోడు. "కాయ్ మిస్త్రీ, లేకరు పాలు తాగిందా లేదా అని మళ్ల మళ్ల సూసినట్టు సూస్తవేంది!" అని మరాఠీ డ్రైవర్లు నవ్వేటోళ్లు, లేకరు అంటే వాళ్ల భాషల పసిబిడ్డ. 'మళ్ల మిస్త్రి' అని పేరు పడ్డది. ప్రతిసారీ నా దిక్కు తిరిగి, పెద్దోడు చిన్నోన్ని బతిమిలాడినట్టు అడిగేటోడు, "నేను పోసిన్నారా?" అని. "పోసినవ్ బాపూ" అనేటోన్ని. ఆ మాట వెనుకనే ఇంకొక మాట గొంతుదాకా వచ్చేది. మొదటి దినాలు భయంతోని ఆపుకున్న, తర్వాత సిగ్గుతోని, ఆ తర్వాత ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం జవాబియ్యాలె అని. పదిహేడేండ్లు అట్లనే నడిచినయి.

చివరికి ఒక ఎండకాలం పగటిపూట, షెడ్డులో రేకుల కింద ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పిన. పేలిక, చింతపండు, కట్టెముక్క, కుంకుమ, ఒక్కటి ఇడువకుండ చెప్పిన. బాపు నా మొఖం చూసుకుంట మొత్తం విన్నడు. కొట్టినా బాగుండు. కండ్లల్ల నీళ్లు తెచ్చుకొని నవ్విండు.

"నామీద ఎంత పావురం, ఎంత ప్రేమరా నీకు" అన్నడు. "అబద్ధమాడినా అతికినట్టు ఆడాలె కొడుకా. పదేండ్ల పోరని వేళ్లకు ఆ నట్టు తిరుగుతదారా?"

ఒట్టు పెట్టిన, మొత్తుకున్న. నేను మొత్తుకున్నకొద్దీ ఆయన నవ్వు పెద్దదైంది. ఆ మాపే చాయ హోటల్లో అందరికీ చెప్పిండు: నా తప్పును నా కొడుకు వాని నెత్తిన వేసుకుంటుండు, ఇసుంటి కొడుకు ఎవనికి పుడతడు అని. ఇంకో నాలుగేండ్లు బతికిండు. పోయే ముందటి వారం కూడా మంచంలోనే చేయి గాలిలో తిప్పుకుంట, కనిపించని నట్టును విప్పి వేలు పెట్టి చూసిండు.

గడీ కూలి ముండ్లకంప మొలిచింది. జమ్మి చెట్టున్న చోట ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతిండ్రు. చప్పుడు విని రోగం చెప్పే చెవులు మట్టిలో కలిసినయి. నాకు మాత్రం ఇప్పటికీ దసరా నాడు పొద్దు వాలుతుంటే, ఏ రోడ్డు పక్కన నిలబడ్డా, దూరం నుంచి ఆడమనిషి ఏడ్చినట్టు ఆ ఊళ వినిపిస్తది. మా దిక్కు పెండ్లిల్లల్లో, చావుల కాడ ముసలోళ్లు తమ పిల్లలకు నన్ను చూపించి, బాపు తప్పు నెత్తినేసుకున్న కొడుకు ఈయనే, చూసి నేర్చుకోండ్రి అంటరు. నేను తలకాయ దించుకుంట. అణకువ అనుకుంటరు.