వడ్ల లారీ కింద నేనూ బుల్లెట్టూ

ఆ రోజుల్లో మా మిర్యాలగూడ కాలనీలో పోలీస్ స్టేషన్‌లో ఒక పూట కూర్చొని వచ్చినవాడికి ఉన్న మర్యాద పదో తరగతి పాసైనవాడికి ఉండేది కాదు. నా దోస్తు బుల్లెట్ వాళ్ల అన్న అలా వెళ్లొచ్చి కాలర్ ఎగరేసుకుని తిరుగుతుంటే, మా వంశంలో ఒక్కరూ స్టేషన్ గడప తొక్కలేదే అని నాకు సిగ్గేసేది. (బడి గడప కూడా పెద్దగా తొక్కలేదు, అది వేరే సంగతి. నేను తొమ్మిదిలోనే వదిలేశాను.) తల్లి లేని బుల్లెట్‌కు అన్న గురువు, నాకు బుల్లెట్ గురువు.

మా అమ్మ రైస్ మిల్లులో ఊడ్చే పని చేసేది. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. కోతల కాలంలో మిల్లు ముందు వడ్ల లారీలు బారులు తీరేవి. లారీ కింద రాలిన గింజలు ఊడ్చే ఆడవాళ్లవే అన్నది అక్కడి రివాజు. ఆ రివాజు మీదే బుల్లెట్ కన్ను పడింది. "రాలినయి ఏరుకుంటే దొంగతనం గాదు గదరా. మనం జర రాలేటట్టు జేద్దాం" అన్నాడు. మిట్టమధ్యాహ్నం డ్రైవర్లు అన్నానికి పోయిన సమయం చూసి బ్లేడుతో బస్తాకు గాటు పెట్టాడు. నాది కాపలా. కూలీల మీద అజమాయిషీ చేసే మిల్లు మేస్త్రీ వస్తే ఈల వేయాలి. మేస్త్రీ రాలేదు, చీపురూ చేటా పట్టుకుని అమ్మ వచ్చింది. అమ్మకు ఈల వేయాలో వద్దో మా ఒప్పందంలో లేదు. ఇద్దరం లారీ కిందికి దూరాం.

ధారగా కారుతున్న వడ్లను చూసి అమ్మ తలెత్తేలోపే వెనక నుంచి మేస్త్రీ దిగాడు. "రాల్తలేవని కోసుకుంటున్నవా? రేపటి సంది పనికి రాకు!"

"నా కొడుకు మీద ఒట్టన్నా, నేను కొయ్యలే!"

ఆ ఒట్టు తగలాల్సినవాడు మూరెడు దూరంలో, చక్రం పక్కన ఉన్నాడు. "ఉరుకుదాం పా" అని బుల్లెట్ చొక్కా గుంజుతున్నా నేను బయటికి పాకి, "నేనే కోసిన" అన్నాను. మేస్త్రీ చెయ్యెత్తేలోపే అమ్మ చీపురు తిరగేసింది. నా వంతు అయ్యాక కిందికి వంగి, బుల్లెట్‌ను కాలు పట్టి లాగి, "తల్లి లేదని తప్పిచ్చుకుంటవారా నువ్వు?" అంటూ వాడికీ ఏ లోటూ చేయలేదు. చివరికి మేస్త్రీయే అడ్డం పడ్డాడు. "ఇగ చాలక్కా, పోరగాళ్లు సస్తరు! వడ్లు బస్తల పోయించి గాటు కుట్టు. పోయి పని జూస్కో." (అంత గట్టిగా కొడితేనే పని నిలుస్తుందని అమ్మకు అప్పుడే తెలుసని నా అనుమానం. ఈనాటికీ ఒప్పుకోదు.)

సాయంత్రం బుల్లెట్ వాతలు తడుముకుంటూ మా గుమ్మంలో కూర్చున్నాడు, కదలడు.

"ఇంకేం గావాల్రా?" అంది అమ్మ.

"ఆకలైతుంది."

అంతే, ఆ పూట నుంచి వాడి కంచం మా ఇంట్లోనే.

ఇప్పుడు వాడు సూర్యాపేట, కోదాడ రూట్లో సొంత లారీ నడుపుతాడు. అమ్మకు మందులు నేను మరిచిపోతాను, వాడు మరవడు. మొన్న అన్నాల దగ్గర అమ్మ నా పిల్లల ముందే అందుకుంది. "ఆన్ని సూసి జర నేర్సుకోరా. గసొంటి మంచి పోరనితోని తిరుగుమని చిన్నప్పటి సంది జెప్తనే ఉన్న." నన్ను చెడగొట్టిన ఆ పెద్దమనిషి నా కంచంలోంచి కూర ముక్క తీసుకుంటూ వినయంగా తలూపాడు. నలభైకి దగ్గరపడ్డ నేను నవ్వు కనబడకుండా తల దించుకుని అన్నం కలుపుకున్నాను.