డెబ్బైరెండో గడి దాటాక

ఇవాళ పొద్దున హైదర్‌గూడలో కళ్ళ డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. అన్నీ ఇంగ్లిషు పెద్దక్షరాలే, కాపిటల్ లెటర్లు. పై వరుసలు గడగడా చదివేసి కింది వరుస దగ్గర ఆగిపోయాను. కనపడక కాదు, అచ్చం అలాంటి పెద్దక్షరాల మధ్యే ఏళ్ళ తరబడి బతికిన నారాయణగూడ ఆఫీసు గుర్తుకొచ్చి. డాక్టరు మాత్రం అద్దాల నంబరు పెంచేశాడు.

మన ఈడు వాళ్ళలో కోబాల్ అనే కంప్యూటరు భాష పేరు విన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. ఒక సహకార సంఘం వాళ్ళ జీతాల ప్రోగ్రాములు ఆ భాషలోనే ఉండేవి, వాటిని కనిపెట్టుకొని ఉండడమే మా పని. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, లైనుకు ఎనభై గళ్ళు, అందులో డెబ్బైరెండో గడి దాకానే మిషను చదివేది. చివరి ఎనిమిదీ దానికి పట్టవు. ఎవరు దిద్దారో తెలియడానికి అక్కడ మన పేరులోని పొడి అక్షరాలు వేయాలని పద్ధతి. ఆ పద్ధతిని భ్రష్టు పట్టించింది మా అక్క.

అక్క అంటే తోడబుట్టింది కాదు. పక్క సీటు ఆవిడ, నాకంటే పెద్దది, రాజమండ్రి మనిషి, అశోక్‌నగర్‌లో హాస్టళ్ళ మధ్య ఒక చిన్న వాటాలో కిరాయికి ఉండేది. మా సారుకు పనివేళ కబుర్లు గిట్టవు కాబట్టి, తను దిద్దిన లైను చివర ఇంగ్లిషు అక్షరాల్లో ‘తిన్నావా?’ అని కొట్టి పెట్టేది. ప్రశ్న గుర్తుతో కలిపి సరిగ్గా ఎనిమిది. ఆ ప్రోగ్రాము నా చేతికొచ్చినప్పుడు నేను దాని కింద ‘తిన్నక్క’ అని కొట్టేదాన్ని. అదీ ఎనిమిదే. మా చిక్కడపల్లి మాట పొట్టిది కాబట్టి పట్టిందని, తనలాగా ‘తిన్నాను అక్కా’ అనేదాన్నయితే సగం జవాబు తెర బయట పడేదని ఆవిడ వేళాకోళం. నిజానికి తినని రోజుల్లోనూ అదే కొట్టేదాన్ని. తినలేదని చెప్పి అక్కా అని కూడా అనాలంటే ఎంత కుదించినా ఒక అక్షరం గళ్ళు దాటిపోయేది, అక్కను తీసేసి రాయడానికి మనసొప్పేది కాదు.

రెండువేల పదకొండు ప్రాంతంలో ఊరంతా బందులు, ఊరేగింపులు. ఒక మధ్యాహ్నం చాయ్ దగ్గర మాటా మాటా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఇంకా పరాయిదాన్నేనా అని ఆవిడ, మా రాష్ట్రం మాకు కావాలంటే నిన్ను పొమ్మన్నట్టా అని నేను. ఇద్దరిదీ కోపం కాదు, బాధ. అయినా మాటలు ఆగిపోయాయి. అంతకంటే కష్టం ఏమిటంటే, లైన్ల చివర పద్ధతి ప్రకారం పొడి అక్షరాలు మొదలయ్యాయి. అయినా రోజూ తెర వెలగగానే నా కళ్ళు ముందు కుడి అంచుకే పోయేవి.

మరుసటి ఏడాది మా సారు ప్రోగ్రాములు రాసుకోవడానికి ఎడిటరు అనే కొత్త సాఫ్ట్‌వేరు తెప్పించాడు. మాటకో రంగు, సగం కొడితే మిగతా సగం అదే చూపిస్తుంది. పెద్దక్షరాలు అరుస్తున్నట్టుంటాయి, ఇక చిన్నక్షరాల్లో రాయండి, గళ్ళ లెక్క మానేయండి, పాత ప్రోగ్రాములన్నీ కొత్త తీరుకు మార్చి ఆ చివరి ఎనిమిది గళ్ళ చెత్త ఊడ్చేయండి అని ఆ పని మా ఇద్దరికే అప్పజెప్పాడు. అబద్ధమెందుకు, కొత్త ఎడిటరు నాకు నచ్చింది. తప్పు కింద ఎర్ర గీత గీసి చూపిస్తుంటే సగం తలనొప్పి పోయింది.

కానీ మొదటి పాత ప్రోగ్రాము తెరవగానే కుడి అంచు నిండా మేమే. తిన్నావా, తిన్నక్క, తిన్నావా, తిన్నక్క. తీసెయ్యనా అని ఎడిటరు అడుగుతోంది, నా వేలు కదలడం లేదు. వెనక అక్క నిలబడి ఉందని నాకు తెలియదు.

“తీసెయ్యవే. మెషీను దాన్ని ఏనాడూ చదవలేదుగా,” అంది. పక్క కుర్చీ లాక్కొని, “ఇంతకీ తిన్నావా?” అంది.

ఎన్ని నెలలకో నాతో మాట్లాడిన గొంతు. అలవాటైన జవాబే నోటిదాకా వచ్చింది. అయితే ఇప్పుడు గళ్ళ లెక్క లేదు కదా.

“ఇంకా తినలే అక్కా,” అన్నాను.

ఆవిడ తన డబ్బా తెచ్చింది. గోంగూర, పెరుగన్నం ఇద్దరం అందులోనే తిన్నాం. రాష్ట్రం సంగతి తేలలేదు, తేల్చుకోవాలనీ అనిపించలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి ఆ ఎనిమిది గళ్ళూ నేనే తుడిచేశాను.

రాష్ట్రం వచ్చిన ఏడే ఆవిడ రిటైరై రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. రోజూ ఒంటిగంటకు ఫోను చేసి అదే మాట అడిగేది. పోయినేడు ఆవిడ పోయింది. మా ఆఫీసున్న మేడలో ఇప్పుడేదో కోచింగు సెంటరు నడుస్తోంది. ఎడిటర్లు ఇంకా తెలివిమీరాయట, ఎంత పొడుగు లైనైనా రాసుకోవచ్చు, రాసిన ప్రతి అక్షరాన్నీ అవే చదివి రంగు వేస్తాయి. మిషను చూడకుండా మనిషి కోసం వదిలేసిన ఆ కాస్త జాగా మాత్రం ఎక్కడా లేదు. ఆ జాగా కోసం, ఆవిడ కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

హైదర్‌గూడ నుంచి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. ఇంకా తినలే అక్కా.