షోకేసులో రైలు

మా ఇంట్లో బొమ్మలకు లోటు ఉండేది కాదు. ఆడుకోవడానికి మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

మార్కాపురంలో మా నాయనకు బట్టల దుకాణం. సరుకు కోసం బెజవాడ పోయినప్పుడల్లా ఏదో ఒక బొమ్మ తెచ్చేవాడు. తల ఊపే ఏనుగు, డప్పు కొట్టే కోతి, పడుకోబెడితే కళ్లు మూసే అమ్మాయి బొమ్మ. అట్టపెట్టె మా ముందే విప్పి, నాకూ అక్కకూ చూపించి, ఆ వెంటనే హాల్లో షోకేసు అద్దం జరిపి లోపల పెట్టి తాళం వేసేవాడు. తాళంచెవి దుకాణం గుత్తిలోనే ఉండేది. ఎందుకయ్యా అంటే, విరగ్గొడతారు. అంతే. మా ఒక్క ఇంట్లోనే అనుకునేరు, షోకేసు ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే చట్టం. బొమ్మలు చుట్టాలు చూడటానికి, పిల్లలు వీధిలో ఆడుకోవడానికి. కంభం నుంచి మేనత్త వస్తే ఆ బొమ్మలకు జరిగిన మర్యాద మాకు జరిగేది కాదు.

అందుకని మా ఆస్తి మేమే సంపాదించుకున్నాం. పలకల ఫ్యాక్టరీ వెనక గుట్టగా పోసిన ముక్కల్లోంచి నున్నటివి ఏరుకొచ్చి తొక్కుడుబిళ్లకు వాడేవాళ్లం. అగ్గిపెట్టెల మీది పటాలు, సోడా మూతలు, విరిగిన గాజు ముక్కలు, అన్నీ ఒక చెప్పుల డబ్బాలో. అక్క వాటాలో నేను చెయ్యి పెడితే ఇల్లు పీకి పందిరేసేది.

షోకేసులో ఎన్ని ఉన్నా నా కళ్లు మాత్రం రైలు మీదే. రేకు ఇంజను, దాని వెనక రెండు పెట్టెలు, గుండ్రంగా కలుపుకునే పట్టాలు. కీ ఇస్తే తిరుగుతుందని డబ్బా మీద బొమ్మ వేసి ఉండేది. అది తిరగగా మేమెవరమూ చూడలేదు.

శనివారం పొద్దున టీవీలో కార్టూన్లు వచ్చేవి. శనివారమంటే మగపిల్లలకు తలంటు. అమ్మ నెత్తిన నూనె పెట్టి, నీళ్లు కాగేదాకా నన్ను టీవీ ముందు కూర్చోబెట్టేది. నూనె కారి కళ్లు మండుతున్నా రెప్ప వేసేవాణ్ణి కాదు. టీవీ కూడా ఆ షోకేసులోనే, నడిమి అరలో. టీవీలో ఒక ఎలుగుబంటి కొండ మీద నుంచి పడి అప్పడమై, మళ్లీ లేచి పరుగెత్తేది. పై అరలో రైలు కదలకుండా నిలబడి ఉండేది. అక్కడేమో ఏది విరిగినా అతుక్కుంటుంది, మా ఇంట్లో విరగకముందే భయం.

నాయన పేపరు పట్టుకుని మా వెనక కుర్చీలో కూర్చునేవాడు. పేజీ తిప్పిన చప్పుడు ఎప్పుడూ వినపడేది కాదు. ఎలుగుబంటి పడ్డప్పుడల్లా మాకంటే ముందు ఆయన నవ్వు వినపడేది. ఏందా అని తిరిగి చూస్తే పేపరు మొహానికి అడ్డంగా ఉండేది.

ఒక శనివారం ఆ ఎలుగుబంటి రైలెక్కింది. ఇక నేను ఆగలేకపోయాను. నూనె తలతోనే పోయి, ఒక్కసారి మన రైలుకు కీ ఇచ్చి చూపించమని నాయనను బతిమాలాను. ఆయన గుత్తి తీశాడు. షోకేసు దాకా వచ్చాడు. తాళంలో చెవి పెట్టి, రైలు వంక కాసేపు చూసి, చెవి మళ్లీ బయటికి తీశాడు.

"పండక్కి తిప్పుదాంలే," అన్నాడు.

ఏ పండగో చెప్పలేదు. ఆ రోజు తలకు పోస్తున్నంతసేపూ ఏడ్చాను. సీకాయ కళ్లలో పడిందనుకుంది అమ్మ. పండగలు వచ్చాయి, పోయాయి. నేను పెద్దవాణ్ణయి దుకాణంలో నాయన పక్కన కూర్చున్నాను, పెళ్లయింది, పిల్ల పుట్టింది. అయినా షోకేసు పక్కనుంచి నడిచినప్పుడల్లా లోపల ఎక్కడో చురుక్కుమనేది. చిన్న విషయమే అని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా.

మొన్న ఎండాకాలం నా కూతురు షోకేసు ముందు నిలబడి రైలు కావాలంది. అది చూసే బొమ్మ అని నేను చెప్పబోయేలోపే నాయన లేచి తాళం తీశాడు. నాకు ఒళ్లు మండింది. మమ్మల్ని ముట్టనియ్యని బొమ్మ, ఈ పిల్ల ఒక్క మాట అనగానే బయటికొచ్చింది.

"నేనడిగితే పండక్కి అన్నావు గదా నాయనా. ఏ పండగ అది?"

మోకాళ్ల నొప్పులని కుర్చీ దిగని మనిషి నేల మీద చతికిలబడి పట్టాలు కలపడం మొదలుపెట్టాడు. డబ్బా మీది బొమ్మ వైపు చూడనైనా చూడలేదు. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో ఆయనకు నోటికి వచ్చినట్టే ఉంది. ఇంజను పెట్టి కీ ఇచ్చాడు. కదల్లేదు. ఇంకోసారి గట్టిగా ఇచ్చాడు. లోపల టక్కుమంది. ఆ తర్వాత కీ ఊరికే గిరగిరా తిరిగింది. స్ప్రింగు ఎప్పుడో తుప్పు పట్టిపోయింది.

నాయన ఇంజనును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నేను గూడా తిప్పలేదురా," అన్నాడు. "నా చిన్నప్పుడు కొనకనమిట్లలో మాకు బొమ్మలు యాడివి? ఇది కొన్నప్పట్నుంచీ తిప్పాలనే ఉన్నింది. ఒకసారి తిప్పితే పాతదైపోతుందని అట్లనే ఉంచినా."

ఇన్నేళ్లుగా దాచుకున్న కోపం ఇప్పుడైనా బయటికొస్తుందనుకున్నాను. రాలేదు. జాలేసింది, నా మీద కంటే ఆయన మీదే ఎక్కువ. నేను పలక ముక్కలతోనూ సోడా మూతలతోనూ కడుపు నిండా ఆడుకున్నాను.

నా కూతురికి మా గొడవ పట్టలేదు. తాత చేతిలోంచి ఇంజను లాక్కుని, పట్టాల మీద పెట్టి, పెట్టెలు తగిలించి, కూ అని అరుస్తూ చేత్తో తోసింది. సగం చుట్టు తిరిగేసరికి రైలు బోల్తా పడి, వెనక పెట్టె కొక్కెం ఊడి దూరంగా పోయి పడింది. భయపడుతూ నాయన మొహం వంక చూశాను.

ఆయన ముందుకు జరిగి చెయ్యి చాపాడు.

"ఈసారి నాకియ్యి తల్లీ," అన్నాడు. "నేనొక చుట్టు తిప్పుతా."