మేడమ్ గారి గాజుగొట్టం

వాసవి మేడమ్ ప్రయోగాన్ని మా ప్రిన్సిపాల్ పెద్దసారు మధ్యలో ఆపించి, ఆమె ల్యాబు గదికి తాళం వేయించారు. ఆ తర్వాత ప్రయోగం విఫలమైందని కాలేజీలో అందరూ చెప్పుకున్నారు. కాళ్లు కట్టేసి, నడవలేకపోయిందని చెప్పడం ఏం న్యాయమని ఇన్నేళ్లూ కనిపించినవాళ్లనల్లా అడుగుతూ వచ్చాను. ఈ ఎండాకాలం దాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు నా మూత్రపిండాలు పనిచేయడం లేదు. కర్నూలు ఆసుపత్రిలో డయాలిసిస్ మంచం మీద పడుకుంటాను. ఒక గొట్టంలో నా రక్తం బయటికి పోతుంది, మరో గొట్టంలో తిరిగి వస్తుంది. ఆ గొట్టం ముంజేతికి ఆనితే వెచ్చగా తగులుతుంది. మిగతా మంచాల పక్కన కొడుకో కూతురో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటారు. నా పక్కన స్టూలు ఖాళీ. ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా నేను మళ్లీ మేడమ్ గదిలో నిలబడి ఉంటాను.

ఆ వైద్య కళాశాలలో నేను అటెండరును. డోన్ దగ్గర మా పల్లె చర్చి బడిలో నేర్చింది నాలుగు అక్షరాలే. మిగతాదంతా లైబ్రరీ వాళ్లు పక్కన పడేసిన పుస్తకాలు చదివి, తెలిసినవాళ్లను అడిగి సంపాదించుకున్నది. అడిగితే విసుక్కోని మనిషి ఆ కాలేజీ మొత్తంలో మేడమ్ ఒక్కరే.

నా భార్య మార్త కాన్పు తర్వాత రక్తంలో విషం చేరి చనిపోయింది. బిడ్డా దక్కలేదు. నేను తిరిగి పనిలోకి వచ్చిన రోజు అందరూ దేవుడి పేరు చెప్పి ఓదార్చారు. మేడమ్ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అటెండరును కూర్చోమనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

“సూదులన్నీ ఏసిరి గదమ్మా. పురుగులు చచ్చిపోయినాయని డాక్టరే చెప్పె. మరి మనిషెట్ల పోయింది?” అని అడిగాను.

“పురుగులు చచ్చినా, అవి ఇడిసిన విషం రక్తంలోనే ఉంటాది యేసేపూ. దాన్ని తీసేది మా చేతిలో లేదు,” అన్నారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నాకు మాత్రం ఆ రోజు నిజంగా నాతో మాట్లాడింది ఆమె ఒక్కరే అనిపించింది.

కొన్నాళ్లకు ఆమె బల్ల మీద మూరెడు గాజుగొట్టం నిలబడింది. అందులో సగ్గుబియ్యం కన్నా సన్నని తెల్లటి పూసలు. విషాన్ని ముక్కలు చేసే ఎంజైమును ఆ పూసలకు అంటించారు. రక్తం పైనుంచి పూసల మధ్యగా దిగి, విషం విరిగిపోయి, కింద శుభ్రంగా రావాలి.

“దాన్ని ఒంట్లోకే ఎక్కిస్తే విషం పోదా అమ్మా? పూసలకెందుకు కట్టేది?”

“ఒంట్లోకి ఇడిస్తే, ఎవడో పరాయోడు వచ్చినాడని ఒళ్లు దాని మీదికే కొట్లాటకు పోతాది. మీ కల్లంలో ఎద్దును గుంజకు కట్టి తిప్పరా? అట్ల. పని చేయాల, చేలో పడగూడదు.”

పరీక్షకు మేకరక్తం తెచ్చే పని నాది. మటన్ అంగడి నరసింహులుకు మేడమ్ ఇచ్చిన సీసా ఇచ్చేవాణ్ని. రక్తం గడ్డకట్టకుండా అందులో ముందే మందు ఉండేది. నరసింహులుకు మాత్రం నేను రక్తంతో నల్ల కూర వండుకోవడానికే తీసుకుపోతున్నానని గట్టి నమ్మకం. నేను ఒంటరిగా వండుకు తింటున్నానని జాలిపడి, ఒకరోజు తానే ఉప్పు కలిపిన గిన్నెలో రక్తం పట్టి, చక్కగా పేరుకున్నాక ఆకులో చుట్టి ఇచ్చాడు. మేడమ్ దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. మరునాడు నా వెంట అంగడికి వచ్చారు. మేడమ్ వాళ్లది కడపలో బట్టల అంగళ్ల కుటుంబం, ఇంట్లోకి గుడ్డు కూడా రానీయరు.

“నరసింహులన్నా, ఉప్పు ఏయొద్దు. గడ్డ కట్టనీయొద్దు,” అన్నారు, తలలు వేలాడే కొక్కేల కింద నిలబడి.

“ఉప్పు లేకుండా ఎట్ల తింటారమ్మా? నీళ్ల మాదిరి తాగుతారా ఏంది?” అన్నాడు వాడు, ఆమెను ఎగాదిగా చూసి.

మేకరక్తంలో కలిపిన విషం గొట్టం దాటి రాలేదని తేలిన రోజు మేడమ్ నన్నే మొదట పిలిచారు. నేను గొట్టం దగ్గరికి వంగి చూశాను. “ఇది అప్పుడే ఉండుంటే మార్త బతికేదా అమ్మా?” అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ముందు బతికుండే గొర్రె మీద చూడనీ,” అన్నారు.

వెనక షెడ్డులో గొర్రెల మీద పరీక్షలు మొదలయ్యాయి. నన్ను అటు రానీయలేదు. “ఎట్లుండాయమ్మా?” అని అడిగితే, “బాగా మేస్తాండాయి,” అనేవారు. ఆ తర్వాతే గదికి తాళం పడింది. నేను వరండాలో పెద్దసారును నిలదీశాను.

“ఎవరు సార్ ఆపమనింది?”

“నేనే. పోయి నీ పని చూసుకో.”

మేడమ్ పోట్లాడతారనుకున్నాను. పోట్లాడలేదు. పాఠాలు చెప్పుకుంటూ ఉద్యోగం ముగించి, కడపకు పోయి ఒక్కరే ఉన్నారు. నేను చూడ్డానికి పోయిన ప్రతిసారీ గొట్టం మాట ఎత్తేవాణ్ని. ఆమె కాఫీ పెట్టడానికి లేచేవారు. ఆమె దగ్గర నేర్చింది ఒక్కటే నాకు మిగిలింది. ఎవరేం చెప్పినా, ఎట్ల తెలుసు అని అడుగుతాను. డయాలిసిస్ నర్సులు నన్ను చూస్తేనే భయపడతారు.

ఈ ఎండాకాలం ఆమె పోయారు. దహనానికి వచ్చినవాళ్లం కొద్దిమందిమి. వాళ్లలో కర్ర పట్టుకుని పెద్దసారు ఉన్నారు. మంటలు ఇంకా ఆరలేదు. నేను ఆగలేక, “ఇప్పుడన్నా చెప్పండి సార్. ఆమె పనిని ఎందుకు చంపినారు?” అని అడిగాను. ఆయన మంటనే చూస్తూ, నా వైపు తిరగకుండానే అన్నారు:

“ఆపమనింది ఆమేనప్పా. గొర్రెలు ఒక్కటీ బతకలే. పూసలకు అంటించింది ఊడి రక్తంలో కలుస్తాండె. నా గదిలో కూర్చోని శానాసేపు ఏడ్చె. ‘యేసేపుకు నేను చెప్పలేను సార్, మీరే ఆపినారనుకోనీయండి’ అనె. నువ్వు ఆ పొద్దు నుంచి నాకు దండం పెట్టేది మానుకుంటివి. సరే, ఆమె అడిగిన పని సక్రమంగానే చేసినానులే అనుకుంటి.”